కీళ్లవాతం ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు: ఏ మందును అనుమానించాలి?

ప్రశ్న: తిరుచానూరు ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నా వయసు 49. తిరుపతి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. దాదాపు పదేళ్లుగా నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉంది. వారానికి ఒకసారి, శనివారం నాడు, మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, మర్నాడు ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. వేళ్లు, మణికట్లు బిగుసుకుపోయిన రోజుల్లో ఎటోరికాక్సిబ్ 90 అనే నొప్పి మాత్ర కూడా వేసుకుంటాను. చలికాలంలో ఆ మాత్ర ఇంచుమించు రోజూ అవసరమవుతుంది.

మా వీధిలో ఇదే జబ్బుతో బాధపడుతున్న ఒకావిడకు ఈమధ్య పక్షవాతం వచ్చింది. ఆమెకు షుగరు లేదు, లావుగా కూడా ఉండరు. చూడటానికి వచ్చిన బంధువులందరూ, ఏళ్ల తరబడి ఆ వేడి మాత్రలు మింగితే రక్తం చెడిపోదా అంటూ మెథోట్రెక్సేట్‌నే తప్పుపట్టారు. అది విన్నప్పటి నుంచి శనివారం వచ్చిందంటే నాకు దిగులుగా ఉంటోంది. మాత్ర మానలేదు గానీ, మానాలా అన్న ఆలోచన మాత్రం వదలడం లేదు.

ఇంకొక అయోమయం కూడా ఉంది. జబ్బు బాగా ముదిరి, మంచం దిగలేని రోజుల్లో పరీక్ష చేయిస్తే నా చెడు కొలెస్టరాల్ 88 ఉంది. ఇప్పుడు కీళ్లు చాలావరకు అదుపులో ఉన్నాయి, ఒంట్లో వాపును చూపే సీఆర్పీ అంకె తగ్గింది, కానీ కొలెస్టరాల్ 121కి పెరిగింది. కీళ్ల డాక్టరు గారు సంతోషించారు. మా ఫిజీషియన్ గారేమో కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర, అటోర్వాస్టాటిన్ 10 రాశారు. ఒకరు బాగుందంటూ ఉంటే మరొకరు మాత్ర రాయడం ఎలా అర్థం చేసుకోవాలి? నొప్పి మాత్రల వల్ల గుండెకు హాని అన్న మాట ఎంతవరకు నిజం? అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కుతానన్న మొక్కు ఒకటి మిగిలి ఉంది, దానికి ముందు ఏమైనా పరీక్షలు చేయించుకోవాలా?

చిత్తూరులో ఉండే మా చెల్లెలికి లూపస్ ఉంది, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు. రెండుసార్లు గర్భం నిలవలేదు. రక్తం గడ్డకట్టే గుణం ఉందేమోనని ఏవో పరీక్షలు రాశారు. ఆమె విషయంలో జాగ్రత్తలు వేరుగా ఉంటాయా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత వైద్యుడు, చిత్తూరు

అమ్మా, అన్నిటికంటే ముందు శనివారం మాత్ర గురించి చెబుతాను. దానిని సొంత నిర్ణయంతో ఆపవద్దు. మీ పొరుగావిడకు పక్షవాతం ఏ కారణంగా వచ్చిందో ఆమె స్కానింగు, రక్తపోటు, గుండె లయ చూడకుండా ఎవరూ చెప్పలేరు. కానీ రుమటాయిడ్ జబ్బుకూ రక్తనాళాలకూ ఉన్న సంబంధం బాగా నిర్ధారణ అయిన విషయం. అందులో ప్రధాన దోషి జబ్బేనని, దానిని అదుపు చేసే మందు కాదని ఇన్నేళ్ల పరిశీలనలు చెబుతున్నాయి.

కీళ్లలో వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు మోకాలి దగ్గరో మణికట్టు దగ్గరో ఆగిపోవు. అవి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతూ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి, అక్కడ కొవ్వు పూడిక పేరుకోవడాన్ని తొందరపెడతాయి, పేరుకున్న పూడికపై ఉండే కప్పును పలచబరుస్తాయి. ఆ కప్పు చిట్లిన చోట రక్తం గడ్డకడుతుంది. అది గుండెకు వెళ్లే నాళమైతే గుండెపోటు, మెదడుకు వెళ్లే నాళమైతే పక్షవాతం. అందుకే వయసు, బీపీ, కొలెస్టరాల్, పొగతాగే అలవాటు వంటివాటితో లెక్కగట్టిన ముప్పును, ఆ లెక్కలో రుమటాయిడ్ జబ్బు ముందే చేరి లేకపోతే, ఒకటిన్నర రెట్లు చేసి చూడాలని యూరప్ రుమటాలజీ సంఘం వైద్యులకు సూచించింది. బ్రిటన్‌లో 2017లో వచ్చిన క్యూరిస్క్-3 అనే లెక్కలో రుమటాయిడ్‌తో పాటు లూపస్, స్టిరాయిడ్ వాడకం కూడా చేర్చారు.

మెథోట్రెక్సేట్ వాడే రుమటాయిడ్ రోగులలో గుండె జబ్బులు తక్కువగా కనిపించినట్లు చాలా పరిశీలనలు ఉన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కీళ్ల జబ్బు లేని గుండె రోగులకు ఇదే మందును తక్కువ మోతాదులో ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. వారిలో గుండెపోట్లు తగ్గలేదు. అంటే మెథోట్రెక్సేట్‌ను గుండె మందుగా ఎవరూ భావించకూడదు. కీళ్లవాతం ఉన్నవారిలో ఆ వాపును అణచడం ద్వారానే అది మేలు చేస్తుందని నేను నమ్ముతాను.

ఇక మీ కొలెస్టరాల్ సంగతి. ఒంట్లో వాపు ఉధృతంగా ఉన్నప్పుడు చెడు కొలెస్టరాల్, మంచి కొలెస్టరాల్ రెండూ పడిపోతాయి. అప్పుడు వచ్చిన 88 చూసి ఊరట చెందడానికి లేదు, ఎందుకంటే ఆ రోజుల్లోనే ముప్పు ఎక్కువ. చికిత్స పనిచేసి వాపు తగ్గగానే కొలెస్టరాల్ తన అసలు స్థాయికి చేరుతుంది. కాబట్టి మీ ఇద్దరు వైద్యులలో ఎవరూ పొరపడలేదు. ఒకరు జబ్బు అదుపులోకి వచ్చిందని సంతోషించారు, మరొకరు ఇప్పుడు కనిపిస్తున్న నిజమైన అంకెను చూసి దానికి తగిన మందు రాశారు. ఈ పరీక్షను జబ్బు నిలకడగా ఉన్నప్పుడు చేయించుకోవడమే సరైన పద్ధతి. చికిత్సలో పెద్ద మార్పు జరిగినప్పుడు మళ్లీ చేయించుకోవాలి. టోసిలిజుమాబ్, టోఫాసిటినిబ్ వంటి కీళ్లవాతం మందులు మొదలుపెట్టిన తరువాత అంకెలు మరింత పెరగడం మామూలే.

టోఫాసిటినిబ్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ధర తగ్గాక మన దగ్గర దీని వాడకం బాగా పెరిగింది. యాభై ఏళ్లు దాటి, గుండె జబ్బుకు కనీసం ఒక కారణం ఉన్న రుమటాయిడ్ రోగులలో దీనిని టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లతో పోల్చి చూసిన అధ్యయనం 2022లో ప్రచురితమైంది. అందులో గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలు, క్యాన్సర్లు టోఫాసిటినిబ్ వాడినవారిలో ఎక్కువగా కనిపించాయి. మీరు యాభైకి దగ్గరలో ఉన్నారు. ముందుముందు ఎవరైనా ఆ మాత్ర సూచిస్తే మీ బీపీ, కొలెస్టరాల్ వివరాలు వారి ముందు పెట్టి, ఆ తరువాతే నిర్ణయం తీసుకోమని కోరండి.

ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములు చిన్న మోతాదే గానీ, ఏళ్ల తరబడి సాగితే అది కూడా బీపీని, షుగరును పైకి నెడుతుంది. మిగిలిన మందులతో జబ్బు నిలకడగా ఉంటే నెమ్మదిగా తగ్గించే వీలుందేమో అడగండి. ఒక్కసారిగా మాత్రం ఆపకూడదు, ఆపితే ఒళ్లు తట్టుకోలేదు.

కీళ్ల వైద్యుడు కీళ్లను చూస్తారు, గుండె వైద్యుడు నొప్పి వచ్చాక చూస్తారు. ఈ ఇద్దరి మధ్య మీ రక్తపోటు, షుగరు, కొలెస్టరాల్, మూత్రపిండాల పనితీరు ఎవరి బాధ్యత అన్నది తేలక జారిపోతుంది. నేను వృత్తిలో ఉన్నప్పుడు అతి తరచుగా చూసిన లోపం ఇదే. మీ ఫిజీషియన్ గారినే ఆ బాధ్యత తీసుకోమని స్పష్టంగా అడగండి. నాడి పట్టి చూసినప్పుడు లయ తప్పుతున్నట్లు అనిపిస్తే ఈసీజీ తీయించాలి. రుమటాయిడ్ ఉన్నవారిలో గుండె లయ తప్పడం కూడా కొంత ఎక్కువే, పక్షవాతానికి అదొక ముఖ్య కారణం.

సమాధానం: మందుల దుకాణం, కొర్లగుంట

అక్కా, డాక్టరు గారు మెథోట్రెక్సేట్ గురించి చెప్పారు. ఎక్కువగా అనుమానించవలసిన మాత్ర మీ జాబితాలో చివర ఉంది. అది ఎటోరికాక్సిబ్ 90.

రోఫెకాక్సిబ్ అనే నొప్పి మాత్ర వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు పెరుగుతున్నాయని తేలి 2004లో దానిని ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఎటోరికాక్సిబ్ కూడా అదే తరగతికి చెందినది. డైక్లోఫెనాక్ ఆ తరగతి కాకపోయినా గుండె విషయంలో దాదాపు అంతే ప్రమాదకరం. మన ఊళ్లో నొప్పి అనగానే చీటీ లేకుండా అడిగి తీసుకునే మాత్ర కూడా అదే. రక్తపోటు ఎప్పుడూ 140/90 దాటి ఉంటూ అదుపులో లేనివారికి, గుండెపోటో పక్షవాతమో ఇదివరకు వచ్చినవారికి ఎటోరికాక్సిబ్ ఇవ్వకూడదని యూరప్‌లో ఆ మందు వివరపత్రంలోనే రాసి ఉంటుంది. రుమటాయిడ్‌కు మామూలు మోతాదు 60 మాత్రమే, చాలనప్పుడు 90 వరకు వెళతారు, నొప్పి తగ్గాక మళ్లీ 60కి దించుతారు.

ఈ మాత్రలు ఉప్పును, నీటిని ఒంట్లో నిలిపి బీపీని పెంచుతాయి. మీరు బీపీకి మాత్ర వేసుకుంటూ ఉంటే దాని బలాన్ని కూడా తగ్గిస్తాయి. మూత్రపిండాల మీద భారం పడితే మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోవడం ఆలస్యమవుతుంది. గుండె కోసం చిన్న ఆస్పిరిన్ వాడేవారు ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ చేసే పనికి అడ్డు తగులుతుంది. దుకాణానికి వచ్చేవారు ఈ రెండూ ఒకే సంచిలో తీసుకుపోవడం చూస్తూనే ఉంటాను, చెప్పినప్పుడు ఆశ్చర్యపోతారు.

చలికాలంలో రోజూ నొప్పి మాత్ర అవసరమవుతోందంటే జబ్బు పూర్తిగా అణగలేదని అర్థం. ఆ సంగతి మీ కీళ్ల డాక్టరు గారికి తెలుసా? చాలామంది దుకాణంలో కొన్న మాత్రల సంగతి వైద్యుడికి చెప్పరు, ఆయనేమో మందు సరిపోయిందని అనుకుంటారు. ఎన్ని రోజులకు ఎన్ని మాత్రలు పడుతున్నాయో ఉన్నదున్నట్లు చెబితే అసలు మందు మోతాదునే సవరిస్తారు. ఈలోగా పారాసెటమాల్‌తో గడిచే రోజులను దానితోనే గడపండి.

ఇంకో రెండు విషయాలు, చదివే మిగిలినవారి కోసం. కీళ్ల నొప్పులకు సంతల్లో, బస్టాండ్ల దగ్గర అమ్మే పేరు లేని పొడులలో స్టిరాయిడ్ కలిపి ఉండటం కొత్త సంగతి కాదు. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే సంతోషించేముందు అనుమానించండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక రోజు వేసుకునే మందు. దానిని రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఇంట్లో వేరొకరు మాత్రలు తీసిచ్చే పెద్దవారు ఉంటే డబ్బా మీద ఆ రోజు పేరు పెద్ద అక్షరాలతో రాయించండి.

సమాధానం: శ్రీకాళహస్తి పాఠకుడు

టీచరు గారూ, నా అభిప్రాయం కొంచెం వేరు. చెడు కొలెస్టరాల్ 121 అంటే అంత భయపడవలసినది కాదు. మా అమ్మకూ కీళ్లవాతమే. ఆమెకు స్టాటిన్ వేస్తే తొడలు పట్టేశాయి, అసలే నొప్పులున్న మనిషికి అది రెట్టింపు బాధ అయింది. తరువాత ఆహారం మార్చాము. రోజూ రెండు పూటలా ఊరగాయ, అప్పడం ఉండేవి, అవి ఆదివారానికి పరిమితం చేశాము. చెనిక్కాయల ఊరుబిండిలో ఉప్పు సగానికి తగ్గించాము. తెల్లన్నం ఒక పూట తగ్గించి రాగి సంగటి, ఆకుకూర పప్పు పెట్టాము. సాయంత్రం నడక మొదలుపెట్టింది. బీపీ బాగా దిగింది, బరువు తగ్గి మోకాళ్లు తేలికపడ్డాయి. కాబట్టి మాత్ర జోలికి వెళ్లేముందు కొన్ని నెలలు ఈ మార్పులు చేసి చూడమని నా సలహా. మా నాన్న బీడీలు మానేయడం కూడా ఇంట్లో అందరికీ మేలు చేసింది.

సమాధానం: విశ్రాంత వైద్యుడు, చిత్తూరు

శ్రీకాళహస్తి మిత్రులు చేసిన ఆహార మార్పులు చాలా మంచివి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ప్రాంతపు పచ్చళ్లు, కారాలతో దానిని దాటడం ఎంత సులభమో మనకు తెలుసు. బీడీ విషయం ఇంకా ముఖ్యం. పొగ రక్తనాళాలను చెడగొట్టడమే కాక రుమటాయిడ్ జబ్బు పుట్టడానికీ, ముదరడానికీ కారణమవుతుంది. చిగుళ్ల జబ్బుకు కూడా కీళ్లవాతంతో సంబంధం ఉంది, కనుక పళ్ల డాక్టరును మరువవద్దు.

అయితే 121 అనే అంకెను ఒంటరిగా చూసి మాత్ర వద్దనడం నాకు సమ్మతం కాదు. ఆ అంకె పొరుగింటి ఆరోగ్యవంతురాలికి ఒక అర్థం, పదేళ్ల వాపు, స్టిరాయిడ్, నెలసరి ఆగే వయసు కలిసి ఉన్న మనిషికి మరొక అర్థం. మన దక్షిణాసియా ప్రజలకు గుండెపోటు పాశ్చాత్యులకంటే కొన్నేళ్లు ముందుగానే వస్తుంది. నిజాయితీగా చెప్పాలంటే రుమటాయిడ్ రోగులలో స్టాటిన్ల మీద ఆధారాలు మనం కోరుకున్నంత గట్టిగా లేవు. బ్రిటన్‌లో సుమారు మూడు వేల మందికి అటోర్వాస్టాటిన్ 40 ఇచ్చి చూసిన పరీక్ష 2019లో ప్రచురితమైంది. గుండె, రక్తనాళాల ఘటనలు 34 శాతం తక్కువగా కనిపించినా, మొత్తం ఘటనలే తక్కువగా ఉండటం వల్ల పరీక్షను ముందే ఆపవలసి వచ్చింది, ఆ తేడా గణాంకాల ప్రకారం రూఢి కాలేదు. కానీ కొలెస్టరాల్ మామూలు జనంలో దిగినంతగానే వీరిలోనూ దిగింది, దుష్ప్రభావాలు అధికంగా కనిపించలేదు. అందుచేత మొత్తం ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఇవ్వడమే ఉచితమని నా అభిప్రాయం.

మాత్ర అవసరమా కాదా అని మీకూ మీ వైద్యుడికీ తేలకపోతే, మెడలోని రక్తనాళాలకు అల్ట్రాసౌండు తీయించుకోవచ్చు. అక్కడ పూడిక కనిపిస్తే సందేహం తీరిపోతుంది. స్టాటిన్ మొదలుపెట్టాక తొడలు, భుజాలు పట్టేస్తే మాత్ర మానేసి ఊరుకోకుండా వైద్యుడికి చెప్పాలి. మోతాదు తగ్గించడమో, మరో స్టాటిన్‌కు మారడమో చాలామందికి సరిపోతుంది.

అలిపిరి మెట్ల గురించి. మెట్లు 3,550, దూరం దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురం వరకు నిటారుగా ఉంటుంది, మధ్యలో చాలా దూరం సులభంగా సాగుతుంది, చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ కష్టం. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388, దూరం 2 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. దూరం తక్కువే కానీ ఎక్కడం అంతా ఒకేసారి ఉంటుంది కనుక గుండెకు అది తేలిక అనుకోవద్దు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు నడిచి రావద్దని టీటీడీ కూడా భక్తులకు సూచిస్తుంది. మీకు మామూలుగా రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, గుండెల్లో పట్టినట్లు ఉండటం, దవడలోకో ఎడమ చేతిలోకో నొప్పి పాకడం వంటివి లేకపోతే, బీపీ అదుపులో ఉంటే, కొన్ని వారాలు చదునునేల మీద నడక అలవాటు చేసుకుని, జబ్బు నిలకడగా ఉన్న కాలంలో, ఎండ లేని వేళ వెళ్లవచ్చు. ఆ లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ముందు గుండె వైద్యుడి దగ్గరికి వెళ్లండి. మోకాళ్లు సహకరించక ట్రెడ్‌మిల్ పరీక్ష చేయలేనివారికి మందుతో గుండె వేగం పెంచి అల్ట్రాసౌండులో చూసే స్ట్రెస్ ఎకో ఉంది. నడిచిన రోజు సాయంత్రం ఒళ్లు నొప్పులకని నొప్పి మాత్రలు వరుసగా వేసుకోవడం మాత్రం వద్దమ్మా. చెమట పట్టి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలకు అది మరీ చేటు.

సమాధానం: పలమనేరు సోదరి

అక్కా, మీ చెల్లెలి గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఆమె దారిలోనే నేను నడిచాను. నాకు లూపస్ ఉంది, దానితోపాటు రక్తం త్వరగా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉంది. ముప్పై నాలుగో ఏట నాకు పక్షవాతం వచ్చింది.

లూపస్ ఉన్న ఆడవారికి ముప్పు చాలా చిన్న వయసులోనే మొదలవుతుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగి 1997లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 35 నుంచి 44 ఏళ్ల లూపస్ రోగులకు గుండెపోటు అదే వయసు సాధారణ స్త్రీలకంటే యాభై రెట్లకు పైగా ఎక్కువగా వచ్చినట్లు తేలింది. ఆ వయసులో మామూలు ఆడవారికి గుండెపోటు చాలా అరుదు కాబట్టి రెట్లు అంత పెద్దగా కనిపిస్తాయని మా డాక్టరు గారు వివరించారు. అయినా, చిన్న వయసు కదా అని ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని ఊరుకోవడానికి మనకు వీలు లేదు.

మీ చెల్లెలికి రాసిన పరీక్షలు మూడు ఉండాలి: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రొటీన్-1. ఒకసారి పాజిటివ్ వస్తే చాలదు, కనీసం 12 వారాల తరువాత మళ్లీ చేయించాలి, ఎందుకంటే ఏదైనా జ్వరం వచ్చిపోయినప్పుడు కూడా కొన్నాళ్లు పాజిటివ్ చూపవచ్చు. రెండోసారి కూడా వస్తే, గడ్డ ఇంతవరకు కట్టకపోయినా, చిన్న మోతాదు ఆస్పిరిన్ గురించి డాక్టరు ఆలోచిస్తారు. అందరూ ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ వేసుకోవడం ఇప్పుడు సరికాదంటున్నారు, కడుపులో రక్తస్రావం వంటి నష్టం ఉంది కాబట్టి. ఆమె విషయంలో అది వేరే లెక్క. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, నెలసరి వాయిదా వేయడానికి వాడే మాత్రలు ఎవరైనా ఇవ్వబోతే ముందు తన జబ్బు పేరు చెప్పమనండి. పెళ్లిళ్లకు, తిరుమల ప్రయాణాలకు ఆ వాయిదా మాత్రలు ఎంత తేలికగా కొనుక్కుంటామో మీకు తెలుసు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మానకూడదు. గడ్డలు కట్టే ముప్పును కూడా అది తగ్గిస్తుంది, కంటి పరీక్షలు చేయించుకుంటూ ఏళ్లపాటు వాడవచ్చు.

గడ్డ ఒకసారి కట్టిన తరువాత నాలాంటివారికి రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ తరహా మందే ఆధారం. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే ఐఎన్ఆర్ అనే అంకెను 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. పరీక్ష అవసరం లేని కొత్త మాత్రలు ఉన్నాయి కదా అని నేనూ అడిగాను. మూడు పరీక్షలూ పాజిటివ్ ఉన్నవారిలో ఆ కొత్త మాత్రలలో ఒకటైన రివరోక్సాబాన్ వాడి చూస్తే గడ్డలు ఎక్కువగా కట్టాయని 2018లో తేలింది, అందువల్ల నాకు ఇవ్వలేదు. ఆకుకూరలు మానక్కర్లేదు, ఒక వారం గంపెడు తిని మరో వారం అసలు తినకుండా ఉండటమే ఐఎన్ఆర్‌ను అటూ ఇటూ లాగుతుంది. వార్ఫరిన్ మీద ఉన్నప్పుడు నొప్పి మాత్రలు రక్తస్రావానికి దారితీస్తాయి.

ఇప్పుడు పక్షవాతం వచ్చిన రోజు గురించి. పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది, మూతి ఒక పక్కకు లాగింది, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవారు మొదట దగ్గరలోని ఒక చిన్న ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడ నీరసమని సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. స్కానింగు లేని చోట ఆ విలువైన సమయం గడిచిపోయింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. అది గడ్డ వల్ల వచ్చిందా, రక్తం కారడం వల్ల వచ్చిందా అని సీటీ స్కాన్ తీస్తే గానీ తెలియదు. కాబట్టి పక్షవాతం అనుమానం ఉంటే ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వకూడదు. గుండెపోటు అనుమానమైతే ఆస్పిరిన్ నమిలిస్తారు, ఈ రెండింటికీ తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

మూతి వంకరపోవడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం, చూపు ఒక్కసారిగా పోవడం, నడకలో తూలిపోవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్, నరాల వైద్యులు ఉన్న చోటికి నేరుగా వెళ్లాలి. తిరుపతి చుట్టుపక్కల వారికి స్విమ్స్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు వైపు వారికి వేలూరు సీఎంసీ గంటలోపు దూరం, అక్కడ రుమటాలజీ విభాగం కూడా ఉంది. మనిషి చివరిసారిగా బాగా కనిపించింది ఎన్ని గంటలకో గుర్తుంచుకుని చెప్పాలి. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, పడుకున్న వేళనే లెక్కలోకి తీసుకుంటారు. అలాంటివారికీ స్కానింగు చూసి చికిత్స చేసే వీలుంటుంది, కొందరిలో పెద్ద నాళంలోని గడ్డను 24 గంటల వరకు కూడా తీయగలుగుతున్నారు, ఆలస్యమైందని ఇంట్లో ఉండిపోవద్దు. రక్తం పలచబడే మందు వాడుతుంటే ఆ చీటీ వెంట ఉండాలి. ఐఎన్ఆర్ 1.7 దాటి ఉంటే ఆ ఇంజెక్షన్ సాధారణంగా ఇవ్వరు, అది వారికి వెంటనే తెలియాలి. పది నిమిషాల్లో లక్షణాలు తగ్గిపోయినా వెళ్లాలి, ఎందుకంటే తరువాతి రెండు రోజులలోనే అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. మన వైపు పక్షవాతం అనగానే పసరు మందు ఇచ్చే ఊళ్లకు బండి కట్టించే అలవాటు ఉంది. దయచేసి ఆ గంటలలో అటు వెళ్లకండి.

ప్రశ్నకర్త: తిరుచానూరు ఉపాధ్యాయిని

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు రాసినవి చదివి మోచేతి పైన కట్టే బీపీ యంత్రం కొన్నాను. వారం పాటు పొద్దున, సాయంత్రం చూశాను. ఎటోరికాక్సిబ్ వేసుకున్న రోజుల్లో పై అంకె 146 నుంచి 152 మధ్య, కింది అంకె 92 దాకా ఉంటోంది. వేసుకోని రోజుల్లో 134, 136 అలా వస్తోంది. ఆసుపత్రిలో ఎప్పుడూ 130 అని రాసేవారు కాబట్టి నాకు బీపీ లేదనే అనుకున్నాను. ఇప్పుడు బీపీ మాత్ర వేసుకోవలసి వస్తుందా, లేక నొప్పి మాత్ర ఆపితే చాలా? చెల్లెలికి మూడు పరీక్షల పేర్లూ పంపాను. చీటీలో రెండే ఉన్నాయట, మూడోది కూడా రాయించుకుంటానంది.

సమాధానం: విశ్రాంత వైద్యుడు, చిత్తూరు

అమ్మా, మీరు చేసిన పని చాలా విలువైనది. కుర్చీలో వెన్ను ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, కాఫీ తాగిన అరగంట తరువాత చూసిన అంకెలే లెక్కకు వస్తాయి. మీరు అలాగే చూసి ఉంటే, ఎటోరికాక్సిబ్‌ను ఈ రోజే పక్కన పెట్టండి. మీ అంకెలతో ఆ మాత్ర కొనసాగించడానికి వీలు లేదు. నొప్పి ఎక్కువైతే పారాసెటమాల్ వేసుకుని, తదుపరి తేదీ వరకు ఆగకుండా ఈ వారంలోనే కీళ్ల డాక్టరును కలవండి. మెథోట్రెక్సేట్ మోతాదు పెంచడమా, మరో మందు జోడించడమా అన్నది వారు చూస్తారు.

నొప్పి మాత్ర లేని రోజుల్లో 134, 136 కూడా మీ జబ్బుకు కొంచెం ఎక్కువే. రెండు, మూడు వారాలు ఎటోరికాక్సిబ్ లేకుండా, ఉప్పు తగ్గించి, మళ్లీ వారం పాటు అంకెలు రాసుకుని ఫిజీషియన్ గారికి చూపండి. అప్పటికీ దిగకపోతే బీపీ మాత్ర అవసరం పడవచ్చు, దానికి జంకవలసిన పని లేదు. మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, మూడు నెలల షుగరు సగటు కూడా ఆ రోజే చేయించండి. చెల్లెలు మూడో పరీక్ష రాయించుకునేటప్పుడు, ఆమె వార్ఫరిన్ గానీ హెపారిన్ గానీ వాడుతున్నదీ లేనిదీ ల్యాబ్‌కు ముందే చెప్పమనండి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్షలో ఆ మందుల వల్ల ఫలితం తారుమారయ్యే అవకాశం ఉంది.